రెండుసార్లు సీఏ ఫౌండేషన్ పోయిన సీఈసీ కుర్రాడు: ఒక కేస్ స్టడీ

విజయవాడ గవర్నర్‌పేటలో నాది చిన్న సీఏ ఆఫీసు. ఆడిట్లు, జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ పనులు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు ఏటా ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక ఇంకో పని తగులుతుంది. క్లయింట్లు తమ పిల్లల్నో, తమ దగ్గర పనిచేసేవాళ్ల పిల్లల్నో వెంటబెట్టుకుని వస్తారు. "ఇంటర్ అయిపోయింది సార్, ఫైనాన్స్ లైన్లో పెడదామని. ఏం చేయమంటారు?" అంటారు. చాలామందికి పావుగంటలో చెప్పి పంపేయొచ్చు. కొన్ని కేసులు ఏడాది దాటినా వెంట ఉంటాయి. అలాంటిదొకటి ఇక్కడ రాస్తున్నాను. ఫెయిలైన మార్కుల షీటును ఎలా చదవాలో, మొదటి ఉద్యోగాన్ని ఏం చూసి ఎంచుకోవాలో ఈ కేసులో స్పష్టంగా కనపడుతుంది కాబట్టి రాస్తున్నాను.

కుర్రాణ్ణి కిరణ్ అందాం. పేరు, కుటుంబ వివరాలు, పనిచేసిన చోట్లు గుర్తుపట్టకుండా మార్చాను. నిర్ణయాలు, వాటి వరుస మార్చలేదు.

నేపథ్యం

కిరణ్ వాళ్ల నాన్న గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ఒక కొట్లో గుమస్తా. చిట్టా, పద్దులు పాతికేళ్లుగా ఆయన చేతి మీదే నడుస్తున్నాయి. తల్లి ఇంట్లోనే మిషన్ కుడుతుంది, డ్వాక్రా గ్రూపులో ఉంది. ఇల్లు వన్ టౌన్ వైపు. కిరణ్ చదువంతా ప్రభుత్వ బడి, ప్రభుత్వ జూనియర్ కాలేజీ, తెలుగు మీడియం. లెక్కలంటే భయం కాబట్టి ఇంటర్లో ఎంఈసీ కాకుండా సీఈసీ తీసుకున్నాడు. 2024లో మంచి మార్కులతో పాసయ్యాడు. కామర్స్‌లో తొంభై దాటాయి.

ఆ తొంభై చూసే ఇంట్లో సీఏ మాట మొదలైంది. కొట్టు యజమాని కూడా "మీవాడికి అకౌంట్స్ బాగా వచ్చు, సీఏ చేయించండి" అన్నాడు. అతను చదివిన సిలబస్‌లో అకౌంటెన్సీకి విడిగా సబ్జెక్టు లేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కామర్స్ అనే ఒక్క సబ్జెక్టులోనే సగం కామర్స్ థియరీ, సగం అకౌంటెన్సీ. అంటే కిరణ్ రెండేళ్లలో చదివిన అకౌంటెన్సీ అర సబ్జెక్టు. లెక్కలైతే పదో తరగతితోనే ఆగిపోయాయి. సీఏలో మొదటి మెట్టు పరీక్ష అయిన ఫౌండేషన్‌కు కూర్చునేవాళ్లలో ఎంఈసీ పిల్లలు, ఇంగ్లిష్ మీడియం పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లకూ ఇతనికీ మొదటిరోజే తేడా ఉంది. ఆ తేడా ఎవరి తెలివితక్కువతనం వల్లా వచ్చింది కాదు, గ్రూపు వల్లా మీడియం వల్లా వచ్చింది.

నా దగ్గరికి వచ్చేసరికి

2025 ఫిబ్రవరిలో తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. పంపింది ఆ కొట్టు యజమానే, నా పాత క్లయింటు. తండ్రి కుర్చీ అంచున కూర్చుని, "మావాణ్ణి మీరే ఒక దారిలో పెట్టాలి సార్. బుర్ర ఉంది, ఏం లాభం, ఏ పనీ నిలకడగా చేయట్లేదు" అన్నాడు. కిరణ్ నేల చూస్తూ కూర్చున్నాడు.

విడివిడిగా మాట్లాడితే తేలింది ఇది. 2024 జూన్‌లో ఫౌండేషన్ రాశాడు, పోయింది. సెప్టెంబర్‌లో మళ్లీ రాశాడు, మళ్లీ పోయింది. సీఏ అయిపోతాననే ధీమాతో ఆ ఏడాది డిగ్రీలో చేరలేదు. తర్వాత బెంజి సర్కిల్ దగ్గర ఒక లోన్ ఏజెన్సీలో చేరాడు. ప్రకటనలో "బ్యాంకింగ్ ఎగ్జిక్యూటివ్" అని ఉందట. పని మాత్రం ఫోన్లు చేసి పర్సనల్ లోన్లు, క్రెడిట్ కార్డులు అంటగట్టడం. టార్గెట్ అందకపోతే జీతంలో కోత. బండి పెట్రోలు సొంతం. మూడు నెలలకు మానేశాడు. అప్పుడే ఒక టెలిగ్రామ్ గ్రూపు చూసి ఆప్షన్స్ ట్రేడింగ్‌లోకి, అంటే స్టాక్ మార్కెట్లో ధరలు పెరుగుతాయో తగ్గుతాయో అని పందెంలా డబ్బు పెట్టే వ్యాపారంలోకి దిగాడు. తల్లి డ్వాక్రా లోన్‌లో మిగిలిన 38 వేలు అందులో పోయాయి. ఈ సంగతి తండ్రికి అప్పటికి తెలియదు.

ఆప్షన్స్ దగ్గర ఒక మాట. కిరణ్ దాన్ని జూదం అనుకోలేదు. "ఫైనాన్స్ ఫీల్డే కదా సార్, ఎక్స్‌పీరియన్స్ వస్తుందని" అన్నాడు, మనస్ఫూర్తిగానే. పద్దెనిమిది నిండగానే షేర్ల లావాదేవీలకు కావలసిన డీమ్యాట్ అకౌంట్ తెరవొచ్చు, ఫోన్లో పదినిమిషాల పని. ఇంటర్ అయిన పిల్లాడికి ఫైనాన్స్ పేరుతో ఇంత సులభంగా తెరుచుకునే తలుపు ఇంకోటి లేదు. 2024 సెప్టెంబర్‌లో స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మందికి నష్టమే మిగిలింది. ఆ కాగితం కిరణ్ ముందు పెట్టాను. చదివి, "మరి ఇది ఆ గ్రూపులో ఎవరూ చెప్పరేం సార్" అన్నాడు. యాప్ అక్కడికక్కడే తీసేయించాను. డబ్బు సంగతి నాన్నకు అతనే చెప్పాలని షరతు పెట్టాను. వారం తర్వాత చెప్పాడు. ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు.

మార్కుల షీటు

తండ్రి కోరిక మూడో అటెంప్ట్. కోచింగ్ సెంటర్ వాళ్లు కూడా అదే చెప్పారట: "నెగెటివ్ మార్కుల వల్ల పోయింది, స్ట్రాటజీ మార్చుకుంటే వచ్చేస్తుంది." దీన్ని తేల్చకుండా ముందుకు వెళ్లదలుచుకోలేదు. రెండు మార్కుల షీట్లూ తెప్పించాను.

ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 100 మార్కులు. అకౌంటింగ్, బిజినెస్ లా రాతపరీక్షలు. క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, ఎకనామిక్స్ ఆబ్జెక్టివ్, తప్పు సమాధానానికి పావు మార్కు కోత. ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం ఒకే అటెంప్ట్‌లో రావాలి. ఒక పేపర్లో ఎంత బాగా వచ్చినా తర్వాతి అటెంప్ట్‌కు దాచుకునే వీలు ఫౌండేషన్‌లో లేదు. కిరణ్‌కు సెప్టెంబర్‌లో వచ్చినవి: అకౌంటింగ్ 58, లా 29, క్వాంట్ 30, ఎకనామిక్స్ 46. మొత్తం 163. కావలసింది 200.

క్వాంట్‌లో ఒక్క బబుల్ కూడా వదల్లేదని చెప్పాడు. అది తెలిస్తే చాలు, మిగతాది లెక్క కట్టొచ్చు. నూరు ప్రశ్నలూ పెట్టి 30 మార్కులు రావాలంటే 44 రైటు, 56 తప్పు అయి ఉండాలి. 44 లోంచి 56 పావులు, అంటే 14 తీసేస్తే 30. ఇక్కడే కోచింగ్ వాళ్లు ఆగిపోయి, "చూశారా, 14 మార్కులు నెగెటివ్‌లో పోయాయి" అంటారు. ఇంకో మెట్టు దిగితే కథ మారుతుంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే నాలుగింటికి ఒకటి తగులుతుంది. అంటే 56 తప్పులు రావాలంటే దాదాపు 75 ప్రశ్నలు గుడ్డిగా పెట్టి ఉండాలి, వాటిలో దాదాపు 19 రైటు, 56 తప్పు. 19 లోంచి 14 పోగా ఇంకా 5 మార్కులు లాభమే. అంటే గుడ్డిగా పెట్టడం అతన్ని ముంచలేదు, కాస్త ఒడ్డుకే లాగింది. 44 లోంచి ఆ 19 తీసేస్తే మిగిలేది 25. నూరు ప్రశ్నల్లో కిరణ్‌కు నిజంగా వచ్చినవి పాతిక.

ఇది స్ట్రాటజీ సమస్య కాదు, లెక్కల పునాది సమస్య. ఆ పాతికా ఎక్కువగా లాజికల్ రీజనింగ్‌లోవే అని తర్వాత పాత పేపర్ చేయించినప్పుడు తేలింది. లాగరిథమ్స్, పర్ముటేషన్లు, ప్రాబబిలిటీ దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయేది.

లా పేపర్ ఇంకో రకం. ఈ పరీక్షలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగు లేదు. కాంట్రాక్ట్ చట్టంలో ఒక ప్రశ్న ఇచ్చి నోటితో తెలుగులో చెప్పమన్నాను. మైనర్‌తో చేసుకున్న ఒప్పందం ఎందుకు చెల్లదో చక్కగా చెప్పాడు, ఉదాహరణతో సహా. అదే ఇంగ్లిష్‌లో రాయమంటే మూడు వాక్యాలకు పన్నెండు నిమిషాలు పట్టింది. విషయం తెలుసు, రాయడం రాదు. ఒకే మార్కుల షీట్లో ఈ రెండు పేపర్లూ పక్కపక్కన 29, 30 అని కనపడతాయి. రెండింటికీ ఒకే మందు వేస్తే పనిచేయదు.

పని ఇచ్చి చూడటం

అకౌంటింగ్ 58 ఎంతవరకు నిజమో కూడా చూడాలి కదా. మార్కులు చూసి కాదు, పని ఇచ్చి. ఎప్పుడో మూతపడిన ఒక వ్యాపారం బ్యాంక్ స్టేట్‌మెంట్, క్యాష్ బుక్ ఒక నెలవి తీసి, పేర్లు కొట్టేసి, ముందు పెట్టాను. రెండింటి నిల్వలకూ తేడా ఎందుకొచ్చిందో తేల్చమన్నాను. ఇలా రెండు నిల్వలనూ కలిపే బ్యాంక్ రికన్సిలియేషన్ స్టేట్‌మెంట్ (బీఆర్ఎస్) ఫార్మాట్ గుర్తులేకపోయినా ఫర్వాలేదన్నాను.

పెన్సిల్ తీసుకుని ఒక్కో ఎంట్రీకి రెండు చోట్లా టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. ఇచ్చి ఇంకా క్లియర్ కాని చెక్కు పట్టుకున్నాడు. బ్యాంక్ చార్జీ కింద కోసుకున్న 118 రూపాయల దగ్గర ఆగి, "వంద కదా సార్ ఉండాలి?" అన్నాడు. ఒక నిమిషానికి తనే, "ఓ, పద్దెనిమిది జీఎస్టీ" అనుకున్నాడు. చివరికి 1,800 తేడా మిగిలింది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగమైతే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలని మా వృత్తిలో పాత చిట్కా. అతనికి ఆ చిట్కా తెలియదు. అయినా మొదటి నుంచి మళ్లీ టిక్కులు చూసుకుంటూ వచ్చి, 3,510 చెల్లింపు క్యాష్ బుక్‌లో 5,310 అని పడిందని పట్టుకున్నాడు. అప్పుడు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: "ఇప్పుడిది ఎవరి పుస్తకంలో దిద్దాలి సార్, మనదాంట్లోనా బ్యాంక్‌దాంట్లోనా?" చాలామంది తేడా దొరికిందని సంబరపడి అక్కడితో వదిలేస్తారు.

వాళ్ల నాన్న పద్దుల దగ్గర కూర్చున్న అలవాటు ఏదో చేతికి వచ్చింది. ఓపిక ఉంది, కన్ను ఉంది. లేనివి రెండు: పదో తరగతి తర్వాతి లెక్కలు, ఇంగ్లిష్‌లో రాసే వేగం. రెండోది పనిలో పెరగొచ్చు, మొదటిది పెరగదు. తర్వాతి నిర్ణయాలన్నీ ఈ తేడా మీదే నడిచాయి.

ఏయే దారులు, ఎందుకు వద్దనుకున్నాం

మూడో అటెంప్ట్ సెప్టెంబర్ 2025లో రాయొచ్చు. కానీ లెక్కలు పదో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడు నెలల్లో ఆ స్థాయికి రావాలి, పైగా లా పేపర్ ఇంగ్లిష్ కూడా. ఇంట్లో మళ్లీ కోచింగ్ ఫీజు, మళ్లీ సంపాదన లేని నెలలు. పోతే కుర్రాడు సీఏ అనే మాటనే వదిలేస్తాడు. పాసవుతాడన్న నమ్మకం నాకు కలగలేదు.

సీఎంఏ, అంటే కాస్ట్ అకౌంటెంట్ కోర్సు, దాని ఫౌండేషన్ సంగతి కిరణే అడిగాడు. అందులో అన్నీ ఆబ్జెక్టివే, కాబట్టి ఇంగ్లిష్‌లో రాసే బాధ తగ్గుతుంది. కానీ బిజినెస్ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ పేపర్ అక్కడా ఉంది. గోడ అదే, రంగు వేరు.

మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ కావడానికి పద్దెనిమిదేళ్లు నిండి ఇంటర్ పాసైతే చాలు. ఎన్ఐఎస్ఎం సంస్థ పెట్టే సిరీస్ 5ఏ పరీక్ష పాసై, మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం ఏఎంఎఫ్ఐ దగ్గర ఏఆర్ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకోవాలి. ఆ పరీక్ష అతను పాసయ్యేవాడే. ఇన్సూరెన్స్ ఏజెన్సీ కూడా అలాంటిదే. వద్దనడానికి కారణం ఒక్కటే: రెండింట్లోనూ ఆదాయం కమీషన్. పంతొమ్మిదేళ్ల పిల్లాణ్ణి నమ్మి డబ్బు పెట్టేది మేనమామలు, పిన్నమ్మలే. వాళ్లతో అయిపోయాక లోన్ ఏజెన్సీ కథే మళ్లీ మొదలవుతుంది. ముప్పై దాటి నలుగురిలో పరిచయాలున్నవాడికి నేనే చెప్పి పంపిస్తాను ఆ దారిలో. ఇతనికి కాదు.

బ్యాంక్ క్లర్క్ పరీక్షలకు డిగ్రీ కావాలి, ప్రభుత్వ బ్యాంకుల నియామకాలకు జరిగే ఐబీపీఎస్ పరీక్షకు వయసు కూడా ఇరవై నిండాలి. ఈ రెండూ తెలియకుండానే తండ్రి ఒక బ్యాంక్ కోచింగ్ సెంటర్‌లో ఫీజు కనుక్కొచ్చాడు. ఇంటర్ పాస్‌తోనే చేర్చుకుంటామన్నారట. కోచింగ్‌లో చేర్చుకోవడానికేం, ఎవర్నైనా చేర్చుకుంటారు.

మిగిలింది రెగ్యులర్ బీకామ్, లేకపోతే ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో బీకామ్. ఇక్కడ నిజంగానే కాస్త తర్జనభర్జన జరిగింది. రెగ్యులర్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, దూరవిద్యకు రాదు. మన ఇళ్లల్లో ఇది చిన్న విషయం కాదు. తండ్రికి ఇంకో బాధ: "దూరవిద్య అంటే చదువు మానేశాడనుకుంటారు సార్ జనం." నేను దూరవిద్య వైపు మొగ్గడానికి కారణం డబ్బు కాదు. రెగ్యులర్ డిగ్రీలో మూడేళ్లు కూర్చుంటే కిరణ్ మళ్లీ పరీక్షలే రాస్తాడు, అతని బలం ఉన్నది పుస్తకం మీద పెన్సిల్ పెట్టే పనిలో. లోన్ ఏజెన్సీ, ఆప్షన్స్ తర్వాత తన మీద తనకు నమ్మకం పోయింది. అది పరీక్షలో 60 మార్కులు తెచ్చుకుంటే తిరిగిరాదు, ఎవరైనా అతను రాసిన లెక్కను నమ్మి సంతకం పెడితే వస్తుంది.

ఇంకో కారణం, సీఏ తలుపు మూసుకుపోకుండా ఉండటం. కామర్స్ డిగ్రీలో 55 శాతం తెచ్చుకుంటే ఫౌండేషన్ రాయకుండానే నేరుగా సీఏలో రెండో మెట్టు అయిన సీఏ ఇంటర్‌లోకి వెళ్లొచ్చు. సీఎంఏ ఇంటర్‌కైతే డిగ్రీ ఉంటే చాలు. అతన్ని రెండుసార్లు ఆపిన లెక్కల పేపర్ ఆ దారిలో తగలదు. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్, కాస్టింగ్ ఉంటాయి, వాటిలో అంకెలుంటాయి. కానీ లెక్కలకంటూ విడిగా పేపర్ లేదు. నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యలో బీకామ్ తీసుకున్నాం. యూజీసీ గుర్తింపు ముందే చూసుకున్నాం. గోడ మీద అతికించుకోమని చెప్పింది ఒకటే అంకె: 55. పాస్ మార్కులతో గట్టెక్కితే ఈ ప్లాన్ మొత్తం వృథా.

తండ్రికి స్పష్టంగా చెప్పాల్సింది ఇంకోటి ఉంది. కిరణ్ చేసే అకౌంట్స్ ఉద్యోగం ఆర్టికల్స్ కింద, అంటే సీఏ కోర్సులో తప్పనిసరిగా చేయాల్సిన ట్రైనింగ్ కింద లెక్కకు రాదు. కొత్త స్కీమ్‌లో ఆర్టికల్స్ రెండేళ్లు, అదీ సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాకే. "మూడేళ్లు పనిచేశాడు కదా, తగ్గించరా" అని తర్వాత అడుగుతారు, అందుకని ముందే చెప్పేయడం మంచిది.

మొదటి అకౌంట్స్ ఉద్యోగం కుదరలేదు

ఏప్రిల్‌లో వస్త్రలత మార్కెట్లో ఒక బట్టల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ అసిస్టెంట్‌గా చేరాడు, బంధువుల ద్వారా దొరికింది. నెల తిరక్కుండానే సంగతి అర్థమైంది. పొద్దున బిల్లింగ్ కౌంటర్, మధ్యాహ్నం బండి మీద బకాయిల వసూళ్లు, సాయంత్రం పార్సిళ్లు. అకౌంట్స్ రాసేది బయటి పార్ట్‌టైమ్ అకౌంటెంట్, నెలకోసారి వచ్చి పెన్‌డ్రైవ్‌లో డేటా పట్టుకుపోతాడు. అకౌంట్స్ రాసే సాఫ్ట్‌వేర్ టాలీని కిరణ్ తెరిచింది బిల్లు కొట్టడానికే. యజమాని చెడ్డవాడేం కాదు. చిన్న షాపులో అకౌంట్స్ అసిస్టెంట్ అంటే అన్ని పనులూ చేసేవాడని అర్థం, అంతే.

మధ్యలో కుర్రాడు టాలీ సర్టిఫికెట్ కోర్సు చేస్తానన్నాడు. ఈ కోర్సులు చేసినవాళ్లను ఇంటర్వ్యూల్లో చూస్తుంటాను. ఎఫ్5 పేమెంట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్ అని టకటకా చెబుతారు. సప్లయర్ ఇచ్చిన డిస్కౌంట్ డెబిట్టా క్రెడిట్టా అంటే పైకి చూస్తారు. కీబోర్డు వారంలో వస్తుంది, డబ్బు పెట్టి నేర్చుకోనక్కర్లేదని ఆపాను.

రెండో ఉద్యోగం వెతికేటప్పుడు జీతం అడగొద్దు, మూడు ప్రశ్నలు అడగమన్నాను. పక్కన కూర్చుని నేర్పే సీనియర్ అకౌంటెంట్ ఆఫీసులోనే ఉంటాడా? జీఎస్టీ రిటర్న్‌లు అక్కడే వేస్తారా, బయటికి ఇస్తారా? బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో నెలకు ఎన్ని ఎంట్రీలు ఉంటాయి? మూడో ప్రశ్న విని ఒక యజమాని నవ్వాడట. కానీ అదే అసలైన ప్రశ్న. నెలకు ముప్పై ఎంట్రీలున్న చోట ఏడాది పనిచేసినా నేర్చుకునేది నెలరోజులదే.

ఆటోనగర్

జూన్‌లో ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ డీలర్ దగ్గర చేరాడు. జీతం 11 వేలు, వస్త్రలత కంటే వెయ్యి తక్కువే. తండ్రికి నచ్చలేదు, కిరణ్ పట్టుబట్టాడు. అక్కడ సీనియర్ అకౌంటెంట్ యాభై దాటినాయన, కిరణ్ "బాబాయ్" అని పిలుస్తాడు. రోజుకు వందకు పైగా ఇన్‌వాయిస్‌లు, లారీ ఓనర్ల అప్పు ఖాతాలు, మూడు బ్యాంకులు.

ఆ ఆఫీసులో నెలకొక చక్రం ఉంటుంది: 7వ తేదీకి టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన ఇన్‌కమ్ టాక్స్) కట్టడం, 11కు జీఎస్టీఆర్-1 (మన అమ్మకాల రిటర్న్), 14న 2బీ (సప్లయర్లు చూపించిన మన కొనుగోళ్ల లిస్టు) రావడం, 20కి 3బీ (నెల పన్ను లెక్కగట్టి కట్టే రిటర్న్). కిరణ్‌కు మొదట అప్పగించింది 14కూ 20కీ మధ్య పని. మన కొనుగోలు పుస్తకంలో ఉన్న బిల్లులు 2బీలో కనపడుతున్నాయా, లేదా చూడటం. కనపడకపోతే ఆ సప్లయర్ తన రిటర్న్ వేయలేదనో, మన జీఎస్టీ నంబర్ తప్పు కొట్టాడనో అర్థం. ఆ బిల్లు మీది జీఎస్టీని మన పన్నులోంచి తగ్గించుకునే క్రెడిట్ ఈ నెల రాదు. అంటే డబ్బు మనం కట్టుకోవాలి. వరసగా రెండు నెలలు లేటు చేసే సప్లయర్ల లిస్టు తయారుచేసి బాబాయ్‌కి ఇచ్చాడు. ఆయన దాన్ని యజమానికి చూపించాడు. తర్వాతి నెల నుంచి ఆ సప్లయర్లకు పేమెంట్ చేసేముందు కిరణ్‌ను అడగమని యజమాని చెప్పాడట. కిరణ్ ఈ మాట నాకు ఫోన్ చేసి చెప్పాడు, గొంతులో తేడా తెలిసింది.

అసలు పరీక్ష 2025 సెప్టెంబర్ 22న వచ్చింది. జీఎస్టీ రేట్లు మారాయి, ఆటో పార్ట్స్ 28 నుంచి 18కి వచ్చాయి. ఆటోనగర్ మొత్తం ఆ వారం టెన్షన్‌లో ఉంది. స్టాక్ అంతా 28 కట్టి కొన్నది, అమ్మాల్సింది 18కి. టాలీలో వేల ఐటమ్‌లు. కిరణ్ వాటిని ఒక్కొక్కటిగా మార్చకుండా స్టాక్ గ్రూపుల వారీగా, 22 నుంచి అమలయ్యేలా రేటు మార్చాడు. పాత తేదీ బిల్లు తెరిస్తే పాత రేటే కనపడాలి, అది సరిచూసుకున్నాడు. మరుసటి రోజు ఒక మెకానిక్ క్లచ్ ప్లేట్ తిరిగి తెచ్చాడు, 10వ తేదీన కొన్నది. కౌంటర్‌లో కుర్రాడు కొత్త రేటుతో క్రెడిట్ నోట్ (తిరిగొచ్చిన సరుకుకు ఇచ్చే కాగితం) కొట్టబోతుంటే కిరణ్ ఆపి, బాబాయ్‌ని అడిగాడు: "పాత బిల్లు మీద తిరిగొచ్చింది కదా, 28తోనే వేయాలి కదా?" అవును, మొదటి ఇన్‌వాయిస్ ఏ రేటో అదే రేటు. ఫిబ్రవరిలో నన్నడిగిన ప్రశ్న, "ఎవరి పుస్తకంలో దిద్దాలి" అనేది, ఇక్కడ వేరే రూపంలో పనికొచ్చింది.

ఇంగ్లిష్ సంగతి. విడిగా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు వద్దన్నాను, అతనికి కావలసింది మాట్లాడటం కాదు, రాయడం. సప్లయర్లకు వెళ్లే మెయిల్స్ బాబాయ్ అతనికే వదిలేశాడు. వాటిలో కొన్ని నాకు పంపేవాడు. మొదట్లో ఒక్కో మెయిల్‌లో వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసేది కాదు. ఇప్పుడు బిల్లు నంబర్, తేదీ, తేడా, ఏం చేయాలో నాలుగు వాక్యాల్లో వస్తాయి. లా పేపర్‌లో సమాధానం కూడా దాదాపు ఇదే కొలత: చట్టం ఏం చెబుతోంది, ఇక్కడ ఏం జరిగింది, కాబట్టి ఏమవుతుంది. బీకామ్ పరీక్షలు ఇంగ్లిష్‌లోనే రాయాలని పట్టుబట్టాను. దానికి మార్కులు కాస్త తగ్గినా పర్లేదనుకున్నాం, 55 కిందికి పోనంతవరకు.

ఇందులోంచి నేను తీసుకున్నవి

ఈ కేసు తర్వాత నా దగ్గరికి వచ్చే పిల్లల విషయంలో కొన్ని పద్ధతులు మార్చాను. ఫౌండేషన్ ఫెయిలైనవాడు ఎవరొచ్చినా ఆబ్జెక్టివ్ పేపర్లకు పైన చేసిన లెక్క వేస్తాను. ఎన్ని ప్రశ్నలు వదిలాడో చెప్పగలిగితే చాలు, నిజంగా వచ్చినవి ఎన్నో తేలిపోతుంది. 25 వచ్చినవాడికీ 45 వచ్చినవాడికీ చెప్పే సలహా ఒకటి కాకూడదు. 45 వచ్చినవాణ్ణి మూడో అటెంప్ట్‌కు నేనే తోస్తాను.

బ్యాంక్ స్టేట్‌మెంట్ టెస్టు ఇప్పుడు అందరికీ పెడుతున్నాను, టాపర్లకు కూడా. ఒక ఎంఈసీ అమ్మాయి, మార్కులు బ్రహ్మాండం, ఇరవై నిమిషాలకే విసుగొచ్చి పక్కన పెట్టేసింది. ఆమెకు అకౌంట్స్ వద్దు, డేటా వైపు వెళ్లమన్నాను. వాళ్లింట్లో నా మీద కోపంగా ఉన్నారు.

ఉద్యోగం చేస్తూ దూరవిద్య అనేది అందరికీ చెప్పను. ఇంట్లో ఒత్తిడి లేక, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలకు రెగ్యులర్ డిగ్రీయే మేలు. పగలంతా పనిచేసి రాత్రి కార్పొరేట్ అకౌంటింగ్ చదవడం చెప్పినంత తేలిక కాదు. కిరణ్ కూడా మొదటి సెమిస్టర్‌లో ఒక పేపర్ 41తో గట్టెక్కాడు. మొత్తం శాతం 58 దగ్గర ఉంది, 55కి గుండెల్లో రాయి పడేంత దగ్గరగా.

ఇప్పటికి

డ్వాక్రా బాకీ మొత్తం కిరణ్ జీతంలోంచే తీరిపోయింది. జీతం 14 వేలకు పెరిగింది. బీకామ్ మొదటి ఏడాది అయిపోయింది. రెండో ఏడాదిలో ఆదివారాలు మా ఆఫీసుకు వచ్చి మా ఆర్టికల్ పిల్లల పక్కన కూర్చుంటున్నాడు. మార్చి నెలాఖరులో రెండు క్లయింట్ల డెబిటర్ల (వాళ్లకు బాకీ ఉన్నవాళ్ల) లిస్టు సరిచూసిపెట్టాడు. డిగ్రీ అయ్యాక సీఏ ఇంటర్‌కు వెళ్తాడా, సీఎంఏకా అనేది ఇంకా తేల్చుకోలేదు. నన్నడిగితే సీఎంఏ వైపు మొగ్గుతాను. ఆటోనగర్, గుంటూరు మిల్లుల లాంటి చోట్ల కాస్టింగ్ తెలిసినవాడి అవసరం పెరుగుతోంది, అతనికి స్టాక్ మీద పట్టు ఉంది. కిరణ్ మాత్రం సీఏ అనే అంటున్నాడు.

తండ్రి మొన్న జీఎస్టీ పని మీద వచ్చినప్పుడు మళ్లీ బ్యాంక్ జాబ్ సంగతి ఎత్తాడు. "డిగ్రీ అయ్యేసరికి ఐబీపీఎస్ వయసు కూడా సరిపోతుంది కదా సార్?" సరిపోతుందని చెప్పాను. డిగ్రీ చేతికొచ్చే లోపు అప్లికేషన్ ఫీజు మాత్రం ఎక్కడా కట్టొద్దని కూడా చెప్పాను.